పొగ కనిపించేదాకా

మా వంటగది కిటికీలోంచి చెరువు కనిపించదు. ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ గోడ అడ్డం. కానీ వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళు ఆ కిటికీ దగ్గర నిలబడే నేను సంసారం చేశాను. పొద్దున ఆరున్నరకి మా ఆయన పడవ బయల్దేరితే ఇంట్లో గ్లాసులు అదిరేవి. చెరువు మధ్యలో ఉన్న రాతిదిబ్బ దాటాక చప్పుడు సన్నబడేది. అవతలి రేవులో ఆగేది. జనాన్ని దించి, ఎక్కించుకుని మళ్ళీ మొదలయ్యేదాకా పొయ్యి మీద ఏం మాడుతున్నా నాకు పట్టేది కాదు. చప్పుడుందంటే మనిషి ఉన్నాడు. ఇంజన్ల గురించి నాకు తెలిసింది అంతే.

ఆ చప్పుడే మా ఆయన చెవుల్ని తినేసింది. ఇప్పుడు పక్కన కూర్చుని అరిస్తే తప్ప వినపడదు. వినపడకపోయినా వినపడినట్టు తలాడిస్తాడు, అదింకా ఒళ్ళు మంట. మూడేళ్ళ నుంచి పడవ మా అమ్మాయి నడుపుతోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక చేత్తో ఇంజన్ పిడి పట్టుకుని, రెండో చేత్తో టికెట్లు చింపుతుంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ రెండో చెయ్యి కూడా పిడి మీదే ఉంటే బాగుండునని నేను అనుకుంటాను.

గొడవంతా నీళ్ళ ఆఫీసు నోటీసుతో మొదలైంది. ఊరి కుళాయిల్లోకి వచ్చేది ఆ చెరువు నీళ్ళే. పడవల వెనక తగిలించే పాత టూ-స్ట్రోక్ ఇంజన్లు ఇక చెరువులో తిరగకూడదన్నారు. వాటిలో పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తాం కదా, నాలుగు లీటర్లు పోస్తే దగ్గర దగ్గర లీటరు కాలకుండానే నీళ్ళలోకి పోతుందట. ఫోర్-స్ట్రోక్ పెట్టుకోవాలి, దాన్ని నీళ్ళ డ్రమ్ములో నడిపి చూపించాలి. డ్రమ్ములో నీళ్ళు తేటగా ఉంటే మూడేళ్ళ పర్మిట్టు. తేడా వస్తే రేవులో పడవ తాడు విప్పడానికి వీల్లేదు.

నిజం చెప్పాలంటే ఆ నీళ్ళ గురించి ఊళ్ళో ముందు గోల పెట్టింది నేనే. ఎండాకాలం వస్తే బిందెలో నీళ్ళ మీద రంగురంగుల పొర తేలేది. కాచినా వాసన పోయేది కాదు. తాగినవాళ్ళ పేగులకి అదెక్కడ పూత పడుతుందోనని నాకు నిద్ర పట్టేది కాదు. నీళ్ళ ఆఫీసుకి బిందెతో సహా వెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చాను. ఇంటికొచ్చాక, పడవ పెట్టుకుని బతికేవాళ్ళం మనమే ఫిర్యాదు చేశామే, రేపు ఇదే మన మెడకి చుట్టుకుంటుందేమోనని మళ్ళీ నిద్ర పట్టలేదు.

చుట్టుకుంది కూడా. కానీ నేను భయపడిన దారిలో కాదు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. పెట్రోలు క్యానులో ఆయిలు కలపడం మా ఇంట్లో మొదటి నుంచీ నా పని. గరాటు నాది, కొలత గ్లాసు నాది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు దానికి ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డ వేసే కంగారులో క్యానులో ఆయిలు పొయ్యడం మరిచిపోయి పంపించేశాను. ఆ పొద్దున కిటికీ దగ్గర నిలబడి వింటున్నాను. రాతిదిబ్బ దాకా వెళ్ళిన చప్పుడు గొంతు పట్టుకున్నట్టు టక్కున ఆగిపోయింది. ఆయిలు లేక లోపల బిగుసుకుపోయి ఇంజన్ పట్టేసింది. పైగా గాలి రోజు. పడవ అటూ ఇటూ కొట్టుకుపోయి రెల్లుగడ్డిలో చిక్కుకుంటే సాయంత్రానికి గానీ మనిషిని తేలేకపోయారు. మా ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంజన్ విప్పిన మెకానిక్కే నాకు ధైర్యం చెప్పాడు. ఎప్పుడు చూసినా చెవి మీద స్పార్కు ప్లగ్గు పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఊరంతా అతన్ని ప్లగ్గు అంటారు. నాకు తమ్ముడి వరస. "అక్కా, భయపడకు. వెనకాల నీలంగా పొగ కనిపిస్తోందంటే ఆయిలు అందుతున్నట్టే. పొగ ఉన్నంతకాలం నీ మొగుడు క్షేమం," అన్నాడు. ఆ మాట నేను మెళ్ళో వేసుకుని తిరిగాను. ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఒక్క రోజు కూడా ఆయిలు లేని క్యాను ఈ ఇంటి గడప దాటలేదు.

అలాంటి నా దగ్గరికి మా అమ్మాయి వచ్చి, "అమ్మా, కొత్త ఇంజన్‌కి ఉత్త పెట్రోలే. ఇక ఆయిలు కలపక్కర్లేదు," అంది.

"కలపకపోతే పట్టెయ్యదూ?"

"పట్టెయ్యదు. ఆయిలు లోపల వేరేగా ఉంటుంది."

"వేరేగా ఎక్కడ?"

"లోపల. నీకు అర్థం కాదులే అమ్మా, వదిలెయ్."

అదిగో, అక్కడే నాకు తిక్క రేగుతుంది. అర్థం కాదని వాళ్ళకి వాళ్ళే తేల్చేస్తారు. ఎనిమిదో క్లాసు దాకా చదివాను, గరాటు పట్టుకుని ఇరవై ఐదేళ్ళయింది, ఇంకో రెండు మాటలు చెబితే అర్థం కాకుండా పోతుందా? మా ఆయన్ని అడిగితే తలాడించాడు.

ప్లగ్గు ఇంజన్‌ని బండి మీద వేసుకొచ్చి పడవకి బిగించాడు. బిగిస్తున్నంత సేపూ ఎగతాళే. "ఇది ఇంజనా, కుట్టుమిషనా? రెండు జాకెట్లు కుట్టించుకోవచ్చు కోడలు పిల్లా!"

"ముందు నీ నోరు కుట్టిస్తాను మామయ్యా," అంది మా అమ్మాయి.

మర్నాడు ఆరున్నరకి నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. గ్లాసులు అదరలేదు. ఏమీ వినపడలేదు. ఇంకా బయల్దేరలేదేమో అనుకున్నాను. ఏడయింది. చెయ్యి కడుక్కోకుండా రేవు దాకా పరుగెత్తాను. చెరువు నడిమధ్యలో పడవ, నిండా జనం, చప్పుడే లేకుండా పోతోంది. వెనకాల చూశాను. పొగ లేదు. దారం పోగంత కూడా లేదు.

పొగ లేకపోతే ఆయిలు అందనట్టు. ఆయిలు అందకపోతే ఏమవుతుందో నా కంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు పడవ క్షేమంగానే తిరిగొచ్చింది. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. ఆ పాత రోజు కూడా రాతిదిబ్బ దాకా క్షేమంగానే వెళ్ళింది కదా. మర్నాడు క్యాను నింపేటప్పుడు ఒక్క మూత ఆయిలు పోశాను. ఒక్కటంటే ఒక్కటే. మందే వద్దన్న పిల్లలకి పాలల్లో కలిపి పట్టమా, అలాగే. రేవుకి వెళ్ళి చూశాను. పొగ లేదు. ఆ మర్నాడు రెండు మూతలు. లేదు. ఆ తర్వాత కొలత గ్లాసులో సగం. గ్లాసు నిండా పోసిన రోజున ఇంజన్ వెనకాల సన్నగా, నీలంగా, అగరొత్తి పొగలాంటిది కనిపించింది. అప్పుడు గుండె కుదుటపడింది. ఇంటికొచ్చి చాన్నాళ్ళకి కడుపు నిండా తిన్నాను.

పదిరోజులు గడిచాయో లేదో, ఇంజన్ మొరాయించడం మొదలైంది. పొద్దున స్టార్టు కాదు. మా అమ్మాయి తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. జనం పడవలో కూర్చుని వాచీలు చూసుకుంటారు. రోజూ ఎక్కే టీచరమ్మ, "పాతదే నయం కదమ్మా, గోల చేసినా కదిలేది," అని ఒక రాయి వేసి వెళ్ళింది. ప్లగ్గు ఇంజన్ విప్పి, స్పార్కు ప్లగ్గు తీసి చూపించాడు. కాటుకలో ముంచినట్టు నల్లగా ఉంది.

"కొత్త ఇంజన్‌కి ఇంత మసి ఎక్కడిది మామయ్యా?" అంది మా అమ్మాయి.

"నన్నడుగుతావే? కుట్టుమిషన్ కొనుక్కొచ్చింది నువ్వు."

"బండి మీద తెచ్చింది నువ్వు. ఏ పక్కకి పడుకోబెట్టి తెచ్చావు? తప్పు పక్కకి పడుకోబెడితే ఆయిలంతా పైకి ఎక్కుతుందని పుస్తకంలో రాశాడు."

"పుస్తకం చూపించు, పాదాలకి దణ్ణం పెడతాను. బొమ్మ చూసి మరీ పడుకోబెట్టానే, పసిపిల్లని పడుకోబెట్టినట్టు!"

రెండు ప్లగ్గులు మార్చాడు. మూడురోజులకి మళ్ళీ మసి. మా అమ్మాయి భోజనం దగ్గర కంచం ముందు పెట్టుకుని ఇంజన్ పుస్తకం తిరగేసేది. ప్రతిదానికీ విసుగు. తలుపు వేస్తే ఇల్లు అదిరేది. నేను నెమ్మదిగా, "అంతా చూశావా, ఏదైనా తక్కువైందేమో?" అంటే, "నువ్వొకదానివి, ఊరుకో అమ్మా!" అని ఒంటికాలి మీద లేచేది.

నాకు తోచింది ఏమిటంటే, ఇంజన్ మొరాయిస్తోందంటే ఆయిలు చాలడం లేదు. పాత ఇంజన్ కూడా పట్టేసే ముందు ఇలాగే బరువుగా దగ్గిందని మా ఆయన చెప్పిన గుర్తు. కాబట్టి గ్లాసుని గ్లాసున్నర చేశాను. అప్పుడైనా నోరు విప్పి ఒక మాట అడగాల్సింది. అడిగితే నువ్వొకదానివి అంటుంది. అనిపించుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున క్యాను నింపుతూ, ఇవాళ అందరి ముందూ నడవాలి, మధ్యలో పట్టేస్తే పిల్ల పరువు పోతుంది, పర్మిట్టు పోతుంది అనుకుని ఇంకో అర గ్లాసు కలిపాను. కొంత గట్టు మీద ఒలికింది. గుడ్డతో శుభ్రంగా తుడిచాను.

పది గంటలకి రేవు మీద రెండు ఇనుప డ్రమ్ములు పెట్టించారు. నీళ్ళ ఆఫీసు మేడమ్ గొడుగు వేసుకుని నిలబడింది. కళ్ళజోడు, చేతిలో అట్ట, నవ్వు మొహమే. జనానికి తెలియాలని ముందు మా పాత ఇంజన్‌ని ఒక డ్రమ్ములో దింపి అయిదు నిమిషాలు నడిపించింది. చప్పుడుకి పావురాలు లేచిపోయాయి. నా ప్రాణానికి మాత్రం హాయిగా ఉంది. ఆపాక డ్రమ్ములోకి చూస్తే నీళ్ళ మీద నెమలి మెడ రంగులు. "మన బిందెల్లోకి వచ్చేది ఇదేనమ్మా," అంది మేడమ్.

రెండో డ్రమ్ములో కొత్త ఇంజన్ దింపారు. మా అమ్మాయి తాడు లాగింది. ఏడోసారికి అందుకుంది. నేను పొగ కోసం చూశాను. వచ్చింది. ఎప్పటికంటే ధారాళంగా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. పక్కనున్నవాళ్ళు మాత్రం ముక్కులు మూసుకున్నారు.

అయిదు నిమిషాలయ్యాక మేడమ్ డ్రమ్ములోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తెల్లకాగితం ముక్క నీళ్ళ మీద పరిచి తీసింది. కాగితం మీద జిడ్డు మరక, అంచుల్లో రంగులు. పాతదాని అంత కాదు గానీ, ఉన్నాయి.

"ఇది ఫోర్-స్ట్రోకే కదా?" అంది, అనుమానంగా ఇంజన్ మీది అక్షరాలు చదువుతూ.

"ఫోర్-స్ట్రోకే మేడమ్," అంది మా అమ్మాయి. "కొత్తది. నెల కూడా కాలేదు."

"సారీ అమ్మా. నేను ఇలా రాయలేను." అట్ట మీద కలం ఆగింది.

మా అమ్మాయి గిర్రున ప్లగ్గు వైపు తిరిగింది. "నీకిప్పుడు చల్లగా ఉందా మామయ్యా? మొదటి రోజు నుంచీ దీన్ని కుట్టుమిషన్ అంటూనే ఉన్నావు. అందరూ ఇవే కొంటే నీ రిపేర్లు పోతాయని లోపల ఏదో చేశావు. నాకు తెలుసు!"

ప్లగ్గు మొహం మాడిపోయింది. చెవి మీద ప్లగ్గు తీసి జేబులో వేసుకుని, స్పానర్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "చిన్నప్పటి నుంచి ఎత్తుకున్న పిల్లవి. ఇంకేమీ అనను," అని నడవడం మొదలుపెట్టాడు.

ఆ మాట నాకు తగలాల్సిన మాట. అప్పటికీ నాకు సంగతి పూర్తిగా తెలియదు గానీ, డ్రమ్ములో తేలుతున్న ఆ రంగులు నా బిందెలో తేలిన రంగులే. వాసన నా గరాటు వాసన. ఇరవై ఐదేళ్ళ వాసన నాకు తెలియదా?

"తమ్ముడూ, ఆగు," అని మా అమ్మాయి వైపు తిరిగాను. "అతను ఏం చెయ్యలేదే. నేను కలిపాను."

"ఏం కలిపావు?"

"ఆయిలు. పెట్రోల్లో. రోజూ."

మా అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం అయితే నేను తట్టుకునేదాన్ని. అది కోపం కూడా కాదు. "ఎందుకమ్మా?" అంది. అంతే.

"పొగ రావడం లేదని..." అన్నాను.

మా ఆయన పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి, "ఏమిటి, ఏమంటోంది?" అని అరుస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు.

మేడమే ముందు తేరుకుంది. నా పక్కన బల్ల మీద కూర్చుని చెప్పింది. టూ-స్ట్రోక్‌లో ఆయిలు పెట్రోలుతో కలిసి వెళ్ళి, కొంత కాలి, కొంత బయటికి పోతుంది. ఫోర్-స్ట్రోక్‌లో అడుగున గిన్నెలాంటి చోట వేరే ఆయిలు ఉంటుంది, అది లోపలే తిరుగుతూ లోపలే ఉంటుంది. అందుకే పొగ ఉండదు. "పొగ లేకపోవడమే మంచి గుర్తమ్మా దీనికి. మీరు కలిపింది కాలలేక మసయింది, మిగిలింది నీళ్ళలోకి వచ్చింది." మూడే మూడు నిమిషాలు పట్టింది. ఎనిమిదో క్లాసు చదువుకి ఎక్కడా అడ్డు తగల్లేదు. ఈ మూడు నిమిషాలు నెల కిందట ఎవరైనా నా మొహాన కొట్టి ఉంటే!

ఇంకో మాట ఆవిడ అనలేదు గానీ నాకు తట్టింది. బిందె పట్టుకుని ఆఫీసుకి వెళ్ళిందాన్ని నేనే. ఆ బిందెలోకి ఆయిలు పోసిందాన్నీ నేనే. కొత్త ఇంజన్ వచ్చాక కూడా.

రూలు ప్రకారం రెండువారాల తర్వాత ఇంకొక్కసారి పరీక్ష. అదీ తప్పితే ఇక లేదు. అంతదాకా పడవ కట్టెయ్యాలి.

ఆ రెండువారాలు ఎలా గడిచాయో నాకే తెలియాలి. చెరువు చుట్టూ బస్సులో తిరిగి వెళ్ళాల్సిన జనం, గంటన్నర ప్రయాణం, మా గుమ్మం ముందు నుంచే నడుస్తూ, "పొగ వచ్చిందా అమ్మా?" అని పలకరించేవాళ్ళు. మా అమ్మాయి నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. పెట్రోలు క్యాను తన గదిలో పెట్టి తాళం వేసింది. నాకు తలకొట్టేసినట్టయింది. దొంగని చేశావా అని అరవాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని అరుస్తాను?

ప్లగ్గుకి అది నేరుగా క్షమాపణ చెప్పలేదు. టీ గ్లాసు తీసుకెళ్ళి అతని షెడ్డులో బల్ల మీద పెట్టి, "చక్కెర తక్కువేశాను మామయ్యా, నీ నోట్లో ఎటూ ఎక్కువుందని," అంది. అతను తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, సంచి తీసుకుని వచ్చాడు.

ట్యాంకు కడిగాడు, గొట్టాలు ఊదాడు, లోపలి ఆయిలంతా దింపి కొత్తది పోశాడు. నన్ను పిలిచి పడవలో కూర్చోబెట్టాడు. "నీ తప్పు సగం నాదే అక్కా. పొగ మాట నీకు చెప్పింది నేనే కదా. ఇదిగో, దీన్ని చూడు," అని ఇంజన్ పక్క నుంచి సన్నటి పుల్ల ఒకటి లాగాడు. చివర ఆయిలు తడి. రెండు గీతలు. "ఈ గీతలకి మధ్యలో తడి ఉంటే ఆయిలు ఉన్నట్టే. పొద్దున్నే ఒకసారి చూసుకో. పొగతో పని లేదు."

ఆ పుల్ల నాకెంత నచ్చిందో చెప్పలేను. కొలత అంటే అదీ. ఆ రోజు ఆరుసార్లు లాగి చూశాను. ఏడోసారి మా అమ్మాయి చూసి, "అరిగిపోతుందమ్మా!" అని కేకేసింది. పదిరోజుల తర్వాత నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

రెండో పరీక్షకి ముందు అది తాళం తీసి, ఖాళీ క్యాను నా ముందు పెట్టింది. "పెట్రోలు పట్టు."

"నేనా? నా చేతిని నమ్మకే తల్లీ. నువ్వే పట్టు."

"రోజూ నేను నింపుకుంటూ కూర్చుంటే పడవ ఎవరు నడుపుతారు? పట్టమ్మా, విసిగించకు."

నేను ప్లగ్గుని పిలిపించి, వాకిట్లో నిలబెట్టి, అతని కళ్ళ ముందు నింపాను. మూత పెట్టేముందు వాసన చూడమన్నాను. మా అమ్మాయిని చూడమన్నాను. మా ఆయన కూడా వచ్చి వాసన చూసి తలాడించాడు. ఆయిలు డబ్బా అప్పటికే ప్లగ్గు షెడ్డులో ఉంది. అయినా నాకు అనుమానం, గరాటుకి ఎక్కడైనా అంటుకుని ఉందేమోనని. గరాటు మూడుసార్లు సబ్బుతో కడిగాను.

డ్రమ్ములో ఇంజన్ అయిదు నిమిషాలు నడిచింది. రెండోసారి లాగగానే అందుకుంది. మేడమ్ వంగింది, వెనకాలే నేనూ వంగాను. డ్రమ్ము అడుగున ఎవరో పడేసిన సోడా మూత ఒకటి ఉంది. దాని అంచు పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. తెల్లకాగితం తడిసింది, అంతే. మేడమ్ అట్ట మీద ముద్ర కొట్టింది. మా అమ్మాయి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ప్లగ్గు భుజం మీద ఒక్కటి చరిచింది.

మర్నాడు పడవ బయల్దేరే వేళకి నేను రేవులోనే ఉన్నాను. పుల్ల చూశాను, గీతల మధ్యే ఉంది. అయినా ఒక సంగతి తేలలేదు, అది చెప్పకుండా పంపించలేకపోయాను.

"అంతా బాగానే ఉందే. కానీ వంటింట్లో ఉంటే నాకేం వినపడదు. నువ్వు ఉన్నావో లేదో నాకెలా తెలుస్తుంది?"

మా అమ్మాయి తల పట్టుకుంది. పడవలో జనం నవ్వారు. "రాతిదిబ్బ దాటగానే రెండుసార్లు హారన్ కొడతాను. సరేనా?"

"కొట్టడం మరిచిపోతే?"

"అమ్మా!"

"సరేలే, వెళ్ళు. మరిచిపోకు. మరిచిపోయావని నాకెలా తెలుస్తుంది అని అడుగుతున్నాను, అంతే."

తాడు విప్పింది. పడవ చప్పుడు లేకుండా జరిగింది. ఇంటికొచ్చి పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఐసు ఫ్యాక్టరీ గోడ. దాని వెనక నిశ్శబ్దం. గోడ మీద గడియారం చూశాను, మళ్ళీ చూశాను. అప్పుడు దూరంగా, సన్నగా, రెండుసార్లు హారన్.

రెండే కొట్టింది. మూడోది ఏమైనా ఉంటుందేమో, అది ఇంకేదైనా ఆపదకేమోనని ఇంకాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాను. వెనకాల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.